గోడమీది కథను చదువుట
అజంతా గుహల దర్శనమునకు ముందొక పాఠము

మహారాష్ట్ర రాష్ట్రమున, ఛత్రపతి శంభాజీనగరమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున, వాఘోరా అను చిన్న యేరు గుఱ్ఱపు లాడమువలె వంపు తిరిగినచోట, నిట్టనిలువు కొండచరియలో ముప్పది గుహలు కలవు. ఆ నగరమే 2023 వరకు ఔరంగాబాదు అను పేర వ్యవహరింపబడినది. ఈ గుహలు ప్రకృతి చేసినవి కావు. బౌద్ధ భిక్షువుల నివాసమునకును, ఆరాధనకును నల్లరాతిని ఉలితో, సుత్తితో తొలిచి మనుష్యులు నిర్మించినవి. వీనినే అజంతా గుహలందురు. 1983లో ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ వీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

భారతదేశ యాత్రకు వెళ్లు ప్రవాసాంధ్ర కుటుంబములు తిరుమలను, సింహాచలమును, పూర్వుల జిల్లాలను దర్శించిన పిదప, వీలు చిక్కినచో అజంతాకు ఒక పూట కేటాయించుట కలదు. ఆ పూట వారికి కనబడునవి మసక వెలుతురులో చెదిరిన రంగులు, సగము రాలిన ముఖములు, గుంపులు గుంపులుగ జనులు, ఏనుగులు, ఓడలు. అందముగ నున్నవని మెచ్చుకొని వెలుపలికి వత్తురు. ఆ గుంపులో ఎవరు ఎవరో, ఎందులకు కంట తడిపెట్టుచున్నారో తెలియదు. అజంతా గోడలు చూచుటకు మాత్రమే కాక చదువుటకును ఉద్దేశింపబడినవి. వానిని చదువు విధమును తెలుపుటయే ఈ పాఠము ప్రయోజనము.

రెండు కాలములు

గుహలు రెండు వేర్వేరు కాలములలో తొలువబడినవి. మొదటిది క్రీస్తునకు పూర్వము రెండవ, మొదటి శతాబ్దులతో ఆరంభమైన కాలము. దక్కనులో శాతవాహనులు తలయెత్తిన కాలమది. 9, 10 సంఖ్యలుగల చైత్యగృహములును, వాని సమీపముననున్న కొన్ని విహారములును అప్పటివి. చైత్యగృహమనగా స్తూపమున్న ఆరాధనాస్థలము. విహారమనగా భిక్షువుల నివాసము. ఆ తొలి కాలమున బుద్ధుని మనుష్యరూపమున చూపెడి ఆచారము లేదు. స్తూపమును, బోధివృక్షమును పూజించెడివారు. 10వ గుహ ముఖభాగమును ఇచ్చిన దాత పేరు వాసిఠీపుత్ర కటహాది అనియు, 12వ గుహలోని దాత ఘనమదడ అను వర్తకుడనియు శాసనములు చెప్పుచున్నవి.

తరువాత కొన్ని శతాబ్దులు పని సాగలేదు. క్రీ.శ. అయిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వాకాటక రాజగు హరిషేణుని కాలమందు రెండవ దశ ఆరంభమైనది. ఆ రాజు మంత్రియగు వరాహదేవుడు 16వ గుహను, స్థానిక పాలకుడొకడు 17వ గుహను, బుద్ధభద్రుడను భిక్షువు 26వ గుహను నిర్మింపజేసిరి. హరిషేణుని మరణానంతరము రాజ్యము చెదరినది. పనులు ఎక్కడివక్కడ నిలిచినవి. 24వ గుహ నేటికిని అసంపూర్ణముగనే యున్నది. దాతల పేర్లు రాతిపై నిలిచినవి గాని, ఉలి పట్టినవారెవరో, కుంచె పట్టినవారెవరో ఆ శాసనములు చెప్పవు.

రంగు నిలిచిన విధము

చిత్రకారులు ముందుగా గరుకైన రాతిగోడపై మట్టి, ఇసుక, వరిపొట్టు, గడ్డిపీచు కలిపిన పూతను పట్టించిరి. దానిపై పలుచని సున్నపు పూత వేసిరి. అది ఆరిన పిదప జిగురు కలిపిన రంగులతో చిత్రించిరి. తడి సున్నముపై రంగు వేయు ఐరోపా పద్ధతి ఇది కాదు. ఎఱుపు, పసుపు రంగులు కావిమట్టినుండియు, పచ్చరంగు ఒక విధమైన పచ్చమట్టినుండియు, నలుపు దీపపు మసినుండియు లభించినవి. నీలము మాత్రము లాజవర్దమను రాతిని నూరి తీసినది. ఆ రాయి నేటి ఆఫ్ఘనిస్తాను కొండలలో దొరకునది. ఇట్టి చిత్రమునకు తేమ, పొగ, చేతి చెమట శత్రువులు. రాతికి అంటినది మట్టిపూత. మట్టికి అంటినది జిగురు రంగు. ఒక్క వ్రేలి తాకిడికి పదునైదు వందల ఏండ్ల పని పొడియై రాలగలదు.

కథ మరచిన కన్నులు

భిక్షువులు విడిచిన పిదప గుహలను అడవి కప్పినది. చుట్టుప్రక్కల గ్రామస్థులకు అవి తెలియకపోలేదు. కాని చిత్రముల అర్థము చెప్పగలవారు ఎవరును మిగులలేదు. 1819 ఏప్రిల్ 28వ తేదీన మద్రాసు సైన్యమునకు చెందిన జాన్ స్మిత్ అను అధికారి వేటకు వచ్చి 10వ గుహలో ప్రవేశించెను. చిత్రముపైననే తన పేరును, తేదీని గీసెను. గుహలో అప్పుడు మట్టి, రాళ్లు ఎత్తుగ పేరుకొని యుండుటచే, నేడా వ్రాత మనుష్యుని తలకు మించిన ఎత్తున కనబడును.

పిమ్మట పండితులు వచ్చిరి. వారు చిత్రములను మెచ్చిరి గాని, కథ తెలియనందున తమకు తోచిన అర్థములను చెప్పిరి. అట్టివి నాలుగు ఇక్కడ చెప్పదగినవి.

17వ గుహ వసారాలో ఒక పెద్ద చక్రమున్నది. దానిని రాశిచక్రమని తలచి, గుహకే రాశిచక్రపు గుహయని పేరు పెట్టిరి. అది సంసారచక్రము, జనన మరణములలో తిరుగు ప్రాణుల గతులను చూపునది.

1వ గుహలో రాజసభకు విదేశీయులు కానుకలు తెచ్చు దృశ్యము కలదు. దానిని చాళుక్యరాజగు రెండవ పులకేశి పారశీక రాయబారులను స్వీకరించు ఘట్టమని ఫెర్గూసన్ అను పండితుడు ఊహించెను. పులకేశి ఏడవ శతాబ్దివాడు. ఆ ఊహ వలన చిత్రము కాలమే మారిపోయినది. అది మహాసుదర్శనుడను చక్రవర్తి కథలోని సభ యని తరువాతి పరిశోధన తేల్చినది.

16వ గుహలో ఒక యువతి సోలిపోవుచుండ చెలికత్తెలు ఆమెను పట్టుకొనియున్నారు. దానికి మరణించుచున్న రాకుమారి అను పేరు లోకమంతట వ్యాపించినది. ఆమె మరణించుట లేదు. ఆమె సుందరి; బుద్ధుని తమ్ముడగు నందుని భార్య. నందుడు సన్న్యసించెనని తెలుపుచు అతని కిరీటమును తెచ్చినవాడు ఎదుటనే ఉన్నాడు. ఆ కిరీటమును చూచి ఆమె సొమ్మసిల్లినది. అశ్వఘోషుని సౌందరనందమను సంస్కృత కావ్యమునకు ఈ దంపతుల కథయే ఇతివృత్తము.

17వ గుహ కుడిగోడ నిండ ఓడ, యుద్ధము, పట్టాభిషేకము కనబడును. దీనిని విజయుడు లంకను జయించిన చరిత్రయనిరి. వాస్తవమునకు ఇది సింహళుడను వర్తకుని కథ. అతడు తోటి వర్తకులతో సముద్రమెక్కి, ఓడ పగిలి, ఒక ద్వీపమున చిక్కెను. అక్కడి స్త్రీలు రాక్షసులని గ్రహించెను. ఎగురు గుఱ్ఱమొకటి రక్షింపవచ్చి, వెనుదిరిగి చూడవలదని హెచ్చరించెను. మమకారముతో వెనుదిరిగినవారు పడిపోయిరి. సింహళుడు చూడక, తీరము చేరెను.

రంగులు గోడపైననే యున్నవి. కథ మాత్రము దిగిపోయినది. దానిని తిరిగి కూర్చుటకు పాళి, సంస్కృత, టిబెటను, చీనా గ్రంథములు అక్కరకు వచ్చినవి. 2వ గుహలో చిత్రము చెంతనే ఆర్యశూరుని జాతకమాల పద్యములు కొన్ని వ్రాయబడి యుండుట వలన ఆ కథ గుర్తింపబడినది. జర్మను పండితుడు డీటర్ ష్లింగ్‌లోఫ్ దశాబ్దములపాటు గ్రంథమును ప్రక్కనిడుకొని గోడను పరిశీలించి, పెక్కు చిత్రములకు వాని కథలను తిరిగి అప్పగించెను. ఎక్కడనో ఎవరో వ్రాసియుంచినందుననే అది సాధ్యమైనది.

సముద్రము దాటిన తెలుగు వంశములవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. తోటల పనికి ఓడలెక్కిన తొలితరమువారిలో పెక్కుమందికి అక్షరము రాదు. వారు భజనలను, పెండ్లిపాటలను, రామకథను కంఠముననే మోసికొని వచ్చి పిల్లలకిచ్చిరి. మూడవ, నాలుగవ తరమునకు పాట నిలిచి అర్థము జారిన ఇండ్లు కలవు. తాళము తప్పకుండ పాడుదురు. ఆ చరణమున ఎవరు ఎవరితో మాటలాడుచున్నారని పిల్లవాడడిగిన, పెద్దలు తడబడుదురు. రాగము శ్రావ్యమే, అజంతా రంగులును అందమైనవే. రంగు మిగిలిన గోడకు కథ తెలిసినవాడు కావలసినట్లే, రాగము మిగిలిన పాటకు అర్థము తెలిసినవాడు కావలెను. అట్టి పెద్దలున్నప్పుడే ఆ అర్థమును అడిగి, ఏ లిపిలోనైనను, ఏ భాషలోనైనను వ్రాసికొనుట మేలు.

ఒక గోడను చదువుదము: విశ్వంతరుని కథ

17వ గుహ మండపమున ఎడమ గోడపై విశ్వంతర జాతకము విస్తారముగ చిత్రింపబడినది. జాతకములనగా బుద్ధుని పూర్వజన్మల కథలు. గుహలోనికి పోవుటకు ముందే ఈ కథ తెలిసియుండవలెను.

శిబిదేశపు రాకుమారుడు విశ్వంతరుడు ఎవరేమి అడిగినను లేదనడు. అతనియొద్ద వానలు కురిపించు శ్వేతగజమున్నది. పాళి జాతకము ప్రకారము, కళింగదేశమున వానలు లేక కఱవు రాగా, అక్కడి బ్రాహ్మణులు వచ్చి ఆ గజమును యాచించిరి. అతడిచ్చెను. తమ భాగ్యమే పోయినదని ప్రజలు కోపించి, అతనిని అడవికి వెడలగొట్టవలెనని రాజును నిర్బంధించిరి. భార్య మాద్రియు, కొడుకు, కూతురును వెంట రాగా అతడు బయలుదేరెను. దారిలో గుఱ్ఱములను అడిగినవారికి గుఱ్ఱములను, రథమును అడిగినవారికి రథమును ఇచ్చి, పిల్లలను ఎత్తుకొని నడచిరి.

అడవిలో నుండగా జూజకుడను ముసలి బ్రాహ్మణుడు వచ్చి, తన ఇంట ఊడిగమునకు పిల్లలను ఇమ్మని కోరెను. మాద్రి పండ్ల కొఱకు వెళ్లిన వేళ అతడు పిల్లలను ఇచ్చివేసెను. జూజకుడు వారిని తీగలతో కట్టి, కొట్టుచు తీసికొనిపోయెను. దారి తప్పి తాత పాలించు నగరమునకే చేరగా, తాత వెల చెల్లించి మనుమలను విడిపించుకొనెను. ఇంద్రుడు మాద్రిని సైతము యాచించి, పరీక్ష ముగించి తిరిగి ఇచ్చెను. చివరకు కుటుంబమంతయు కలిసికొనెను.

ఈ కథ వినువారు ఏకాభిప్రాయముగ నుండరు. బౌద్ధులు దీనిని దానపారమితకు పరాకాష్ఠగ కొలుతురు. అయినను, తండ్రి దానముచే పిల్లలు దెబ్బలు తినుట న్యాయమా అను ప్రశ్న ప్రాచీనకాలము నుండియు కలదు. మిళిందుడను యవనరాజు నాగసేనుడను భిక్షువును ఈ ప్రశ్నయే అడిగినట్లు మిళిందపన్హమను పాళి గ్రంథము చెప్పుచున్నది. వెలకు విడిపింపబడు పిల్లల కథ, ఒప్పందపు కూలీల మనుమలకు మఱింత లోతుగ తాకగలదు. ఏనుగును యాచించినవారి కళింగము, నేటి ఒడిశా తీరముతోబాటు శ్రీకాకుళ ప్రాంతమును గూడ కలుపుకొన్న దేశము. 19వ శతాబ్దిలో ఓడలెక్కిన తెలుగువారిలో పెక్కుమంది గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలవారు. వారిని కదలించిన కారణములలో కఱవు ఒకటి.

ఇక గోడవంక చూడవలెను. చిత్రములను వేరుచేయు గీతలు, చట్రములు లేవు. ఒక ద్వారము, ఒక చెట్టు, ఒక రాతిగుట్ట వచ్చినచోట దృశ్యము మారినదని గ్రహింపవలెను. ఒకే మనుష్యుడు పలుమార్లు కనబడును. కొన్ని గోడలపై కథ ఎడమనుండి కుడికి సాగదు. ఒకే చోట జరిగిన సంఘటనలు, ముందువియు వెనుకవియు, ఒకే చోట చిత్రింపబడును. అందుచే ముందుగ నగరము, దారి, అడవి ఎక్కడున్నవో గుర్తుపట్టి, పిదప మనుష్యులను వెదకవలెను. పళ్లూడిన నోటితో, మేకగడ్డముతో వెల పుచ్చుకొనుచున్న జూజకుని ముఖము కంటబడినచో, కథ ఎచ్చటికి వచ్చినదో తెలియును.

తెలుగునేల సంబంధము

ఈ కథ తెలుగునాటికి క్రొత్త కాదు. పల్నాటిలోని గోలి గ్రామమున దొరకిన శిలాఫలకములపై ఇదే విశ్వంతరుని కథ చెక్కబడి యున్నది. అవి అజంతాలోని ఈ చిత్రముకంటె ప్రాచీనములు. నేడు చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయమున కలవు. ఆరు దంతముల ఏనుగు కథయగు షడ్దంత జాతకమును అజంతాలో 10వ గుహయందు ఒకమారు, కొన్ని శతాబ్దుల పిదప 17వ గుహయందు మఱియొకమారు చిత్రించిరి. అమరావతి శిల్పులును దానిని చెక్కిరి. 10వ గుహలోని మనుష్యుల తలపాగలు, నగలు, నిలుచు తీరు అమరావతి, సాంచీ శిల్పములను తలపునకు తెచ్చును.

సమీపకాలపు సంబంధము కూడ కలదు. 1956 వరకు అజంతా హైదరాబాదు రాష్ట్రమున ఉండెడిది; అనగా తెలంగాణముతో ఒకే పాలన క్రింద నుండెను. చిత్రములు నశించుచున్నవని ప్రతులు వ్రాయించు ప్రయత్నములు అంతకు పూర్వమే జరిగినవి. మద్రాసు సైన్యాధికారి రాబర్ట్ గిల్ 1844 మొదలు 1863 వరకు వ్రాసిన ప్రతులు లండనులోని స్ఫటికభవనమున 1866లో దాదాపు అన్నియు కాలిపోయినవి. బొంబాయి కళాశాలాధ్యక్షుడు గ్రిఫిత్స్ తన శిష్యులతో 1872 నుండి వ్రాసిన ప్రతులలోను పెక్కింటిని 1885లో లండనులోనే అగ్ని హరించినది. 1909-11 నడుమ హెరింగ్‌హామ్ అను ఆంగ్లవనిత నందలాల్ బోసు మున్నగువారితో కలిసి మఱల ప్రతులు వ్రాసెను. ఆ బృందమున హైదరాబాదునుండి వచ్చిన సయ్యద్ అహమ్మదు, ఫజలుద్దీను అను చిత్రకారులును ఉండిరి.

1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతి. అతడు అజంతాపై వెలువరించిన నాలుగు సంపుటముల గ్రంథము నేటికిని ప్రమాణము. నిజాము ప్రభుత్వము 1920-22 నడుమ ఇటలీనుండి నిపుణులను రప్పించి, రాలుచున్న పూతలను నిలిపించినది. వారు రక్షణకై పూసిన లక్క కాలక్రమమున పసుపెక్కి రంగులను కప్పినది. దానిని తొలగించుటకు తరువాతివారు మిక్కిలి శ్రమింపవలసి వచ్చినది. సద్బుద్ధితో చేసిన రక్షణకును జ్ఞానము తోడుండవలెనని దీనివలన తెలియుచున్నది. హైదరాబాదు ప్రభుత్వోద్యానమునగల రాష్ట్ర సంగ్రహాలయమున అజంతా ప్రతులు భద్రపరుపబడినవి. కొండకు పోలేనివారు వానిని చూడవచ్చును.

దర్శన క్రమము

గుహల సంఖ్యలు కాలక్రమమును తెలుపవు. అవి కొండచరియ వెంట నడక వరుస. 1వ గుహతో ఆరంభించువాడు చివరికాలమును ముందు చూచును. వీలైనచో మొదట 10, 9 గుహలను, పిదప 16, 17 గుహలను, తరువాత 1, 2 గుహలను చూచుట మేలు. 2వ గుహలో తెరచాపల ఓడ బొమ్మను తప్పక వెదకవలెను. 26వ గుహలో సుమారు 7 మీటర్ల పొడవున బుద్ధుని పరినిర్వాణ శిల్పము కలదు. క్రింద శోకించు శిష్యుల వరుసను చూచినగాని ఆ శిల్పము పూర్తిగ బోధపడదు.

సోమవారమున గుహలు మూసియుందురు. వాహనములను సుమారు 4 కిలోమీటర్ల ఈవలనే నిలిపి, అక్కడి బస్సులలో పోవలెను. చిత్రములున్న గుహలలో పాదరక్షలు విడువవలెను, మెఱుపు దీపముతో ఛాయాచిత్రములు తీయరాదు, గోడను తాకరాదు. లోనికి పోయిన వెంటనే ఏమియు కనబడదు. కన్నులు చీకటికి అలవడువరకు కొంతసేపు నిశ్చలముగ నిలువవలెను. అన్ని గుహలను పరుగున చూచుటకంటె ఒక్క గోడయెదుట అరగంట నిలుచుట లాభకరము. రద్దీ దినములలో ఎక్కువసేపు నిలువనీయరు గనుక ఉదయముననే చేరవలెను.

పూర్వుల జిల్లాకు పోవువారు అనకాపల్లి సమీపమున శంకరము గ్రామమునగల బొజ్జన్నకొండను గూడ చూడదగును. అక్కడ చిత్రములు లేవు. కాని రాతిని తొలిచిన బౌద్ధ గుహలు, స్తూపములు కలవు. తోటలకు వెళ్లిన పలు కుటుంబముల ఊళ్లకు అవి సమీపములు.

ప్రయాణమునకు వారము ముందు ఇంటిలో పెద్దవారెవరైనను పిల్లలకు విశ్వంతరుని కథను, సింహళుని కథను చెప్పవలెను. ఇంటిలో నడచు భాష ఏదైనను సరియే. 17వ గుహలో నిలిచినప్పుడు పెద్దలు మౌనము వహించి, ఆ గోడను పిల్లలచేతనే చదివింపవలెను.

చర్చకు ప్రశ్నలు

1. సుందరిని మరణించుచున్న రాకుమారియని ఏల తలచిరి? చిత్రములోని ఏ వస్తువు అసలు కథను తెలుపుచున్నది?

2. విశ్వంతరుడు పిల్లలను ఇచ్చుట ధర్మమా? తండ్రి పక్షమునను, పిల్లల పక్షమునను వాదింపుడు.

3. గిల్ వ్రాసిన ప్రతులు కాలిపోయినను అజంతా కథలు తిరిగి తెలిసినవి. ఎట్లు?

4. మీ ఇంట పాడు పాటలలో అర్థము తెలియనిది ఒకటి ఎన్నుకొనుడు. దాని అర్థమును ఎవరిని అడుగవలెను? అడిగి వ్రాసికొని రండు.